ఐదవ చెవి

ఛందస్సు గురించో శతకాల గురించో వ్రాసుకునే ఈ పుటలో మానసిక చికిత్స ప్రస్తావన చూసి మాస్టారికి ఏమైందోనని కంగారుపడకండి. నన్ను ఈ విషయంలోకి దించింది కూడా ఒక తెలుగు మాటే.

పోయిన కార్తికంలో నా పూర్వవిద్యార్థిని ఒకామె అమెరికా నుండి ఫోను చేసింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో, చికాగో దాపున, మానసిక చికిత్సకురాలిగా పనిచేస్తోంది. మందులు వ్రాసే వైద్యం కాదు. మనిషిని ఎదుట కూర్చోబెట్టుకొని, మాట్లాడించి, వినే వైద్యం. “మాస్టారూ, మా దగ్గర ఒక ఫారం తెలుగులో తయారైంది. యంత్రమే అనువదించింది. చదివితే నాకే బోధపడటం లేదు. కాస్త దిద్దిపెడతారా?” అన్నది.

ఫారం రెండు పుటలు. సారాంశం ఇది. చికిత్స సమయంలో గదిలో జరిగే సంభాషణను కృత్రిమ మేధతో పనిచేసే ఒక సాధనం వింటుంది, అక్షరాలలోకి మారుస్తుంది, దానినుండి చికిత్సకులు వ్రాయవలసిన నోట్సుకు చిత్తుప్రతి సిద్ధం చేస్తుంది. ఇందుకు మీకు సమ్మతమేనా? ఇంగ్లీషులో ఒకే మాట ఉన్న తావులలో తెలుగులో ఒకచోట ‘ఒప్పందం’, ఒకచోట ‘అంగీకారం’, ఇంకొకచోట ‘అనుమతి’ అని పడ్డాయి. ఒప్పందమంటే బేరం. ఈ గదిలో బేరమేమీ లేదు. మూడింటినీ కొట్టివేసి ‘సమ్మతి’ అని వ్రాశాను. ‘మన్’ ధాతువుకు ఎరుక, ఆలోచన అని అర్థం. ‘సమ్’ చేరితే కలిసి ఆలోచించడం. చదవకుండా పెట్టిన సంతకం ఒప్పందం అవుతుందేమో గాని సమ్మతి కాలేదు.

“ఎవరికోసమమ్మా ఇది? మన వైపువాళ్లా?” అని అడిగాను. పల్లెటూరి అలవాటు. “అది చెప్పకూడదు మాస్టారూ” అన్నది. బడిలో ఏనాడూ నాకు ఎదురు చెప్పని పిల్ల. ఆ మాటకు నాకు చిన్నతనం కలుగలేదు, సంతోషమే కలిగింది. ఎందుకంటే అది చాలా పాత జవాబు.

చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో వైద్యవిద్యలో చేరే శిష్యునికి అగ్నిసాక్షిగా గురువు చేసే ఉపదేశం ఉన్నది. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు ఆ ఇంటివారు ఎరిగిన మనిషిని వెంటబెట్టుకొని, అనుమతి పొంది, తలవంచుకొని వెళ్లాలి. ఆ ఇంటి సంగతులు బయట పెట్టరాదు. గడప దగ్గర అనుమతి, బయటికి వచ్చాక మౌనం. గ్రీకుల హిప్పోక్రటీసు ప్రమాణం కూడా చికిత్సలో చూసినది, విన్నది లోకానికి చెప్పకూడదనే అంటుంది. రెండు దేశాలవారు ఒకరినొకరు చూసి వ్రాసుకున్నారో లేదో నాకు పట్టింపు లేదు. రోగి మంచం దగ్గర కూర్చున్న ఎవనికైనా తోచవలసిన నియమమే ఇది.

పండిత వాసన పోనిచ్చుకోలేక ఇంకొక్క మాట. గోప్యతకు మూలమైన ‘గుప్’ ధాతువుకు మొదటి అర్థం దాచడం కాదు, రక్షించడం. గోప్త అంటే రక్షకుడు. ఇక రహస్యం ‘రహస్సు’ నుండి వచ్చింది. రహస్సు అంటే ఏకాంతం. ఏకాంతంలో పుట్టినది గనుక అది రహస్యం. అంటే మాట కంటె ముందు చోటు ఉన్నది. చోటు చెడితే ఆ మాట పుట్టనే పుట్టదు. మంత్రాంగం ఆరు చెవులకు చేరితే నిలవదని మన నీతికారులు లెక్క చెప్పారు. ఇద్దరు కూర్చున్న గదిలో నాలుగు చెవులు. మూడవ మనిషి వస్తే ఆరు. బల్లమీద పెట్టిన యంత్రానిది ఐదవ చెవి. దానిని వారు ఊహించలేదు.

ఈ చెవి నిన్న మొన్న మొలిచింది కాదు. దాని చరిత్ర వెదుక్కుంటూ నేను వియన్నా దాకా పోవలసి వచ్చింది.

1900 అక్టోబరులో సిగ్మండ్ ఫ్రాయిడ్ దగ్గరకు పద్దెనిమిదేండ్లు నిండవస్తున్న యువతిని ఆమె తండ్రి పంపాడు. పదకొండు వారాలు నడిచాక, ఆ సంవత్సరం ఆఖరి రోజున, ఇక రానని ఆమే చెప్పి వెళ్లిపోయింది. ఆమె కథను ఫ్రాయిడ్ 1905లో ‘డోరా’ అనే మారుపేరుతో ప్రకటించాడు. దాని పీఠిక చదవదగినది. తమ మాటలు శాస్త్రానికి వాడుకుంటారని తెలిస్తే రోగులు నోరు విప్పరనీ, ప్రకటిస్తామని అడిగితే ఒప్పుకోరనీ ఆయనే స్పష్టంగా వ్రాశాడు. అందుకని అడగలేదు. నాలుగేండ్లు ఆగాడు, ఊరూ పేరూ మార్చాడు, వైద్యులు మాత్రమే చదివే పత్రికలో వేశాడు. జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు, ఒక్క సమ్మతి తప్ప. అయినా ఈ రోజు ఆమె అసలు పేరు ప్రపంచమంతటికీ తెలుసు. నేను ఇక్కడ వ్రాయను.

అదే పీఠికలో, రోగి మాట్లాడుతుండగా తాను ఏమీ వ్రాసుకోలేదని కూడా చెప్పాడు. ముందున్న మనిషి కలం తీస్తే రోగికి అనుమానం పుడుతుంది, తన ధ్యానమూ చెదురుతుంది. 1912లో వైద్యులకు చేసిన సూచనలలో దీనినే ఒక పద్ధతిగా వివరించాడు. వ్రాసుకోబోతే మనకు కావలసినవి ఏరుకుంటాం, మిగిలినవి వినం. కనుక దేనిమీదా ప్రత్యేకంగా మనసు నిలపక, అన్నిటిమీదా సమంగా నిలిపి వినమన్నాడు. వింటున్న వైద్యుని మనసును టెలిఫోను రిసీవరుతో పోల్చాడు. ఆ పోలిక చూసి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మనసే యంత్రంలా వినాలని ఆయన కోరాడు. ఇప్పుడు యంత్రం మనసులా వింటానంటున్నది.

గదిలోకి నిజమైన యంత్రాన్ని ధైర్యంగా తెచ్చినవాడు అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్. 1940లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాక చికిత్స సంభాషణలను గ్రామఫోను రికార్డులమీదికి ఎక్కించాడు. ఒక్కొక్క పళ్లెం కొద్ది నిమిషాలకే నిండిపోయేది. 1942లో అచ్చయిన ఆయన గ్రంథంలో ‘హెర్బర్ట్ బ్రయాన్’ అనే మారుపేరుగల వ్యక్తితో జరిగిన ఎనిమిది సంభాషణలు మాట పొల్లుపోకుండా ఉన్నాయి. యంత్రం పక్షాన న్యాయంగా ఒక మాట ఇక్కడ చెప్పాలి. అంతవరకు గదిలో ఏమి జరిగిందనడానికి వైద్యుని జ్ఞాపకమే సాక్ష్యం. రోజర్సు శిష్యులు తమ గొంతు తాము విన్నప్పుడు, సలహాలివ్వకుండా వింటున్నామనుకున్నవాళ్లు ఎంతగా సలహాలిస్తున్నారో తెలుసుకున్నారు. ఐదవ చెవి రోగిమీద నిఘా మాత్రమే కాదు, వైద్యునికి అద్దం కూడా. ఈ గుణాన్ని మరచి వ్రాయడం పక్షపాతమవుతుంది.

కాని అద్దాన్ని వీధిలో పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1965లో వెలువడిన ఒక బోధనా చిత్రంలో గ్లోరియా అనే స్త్రీతో ముగ్గురు పేరుపొందిన చికిత్సకులు విడివిడిగా మాట్లాడారు. వారిలో రోజర్స్ ఒకడు. తరగతి గదుల కోసమని చెప్పి తీసిన ఆ చిత్రం తరువాత టెలివిజనుకు కూడా ఎక్కింది. ఆమె ఒప్పుకున్నది ఒకదానికి, జరిగింది మరొకటి.

నాకు ఎక్కువగా మనసు పట్టింది కవయిత్రి ఆన్ సెక్స్టన్ ఉదంతం. 1967లో పులిట్జర్ బహుమతి పొందిన కవయిత్రి. 1956 నుండి మార్టిన్ ఓర్న్ అనే మనోవైద్యుని దగ్గర చికిత్స పొందింది. కవిత్వం వ్రాయమని ప్రోత్సహించినవాడు కూడా ఆయనే. ఆమెకు ఒక బాధ ఉండేది. గదిలో మాట్లాడినది బయటికి రాగానే మరచిపోయేది. అందుకని 1961 నుండి ఆయన సంభాషణలను టేపు చేయసాగాడు. ఆమె ఆ టేపు పెట్టుకొని తన మాటలు తానే విని, నోట్సు వ్రాసుకొని, తరువాతి దినం చర్చకు వచ్చేది. గమనించండి, టేపు ఎవరికోసం? రోగికోసం. ఆమె మరపుకు మందు అది.

ఆమె 1974లో ఆత్మహత్య చేసుకున్నది. టేపులు వైద్యుని దగ్గరే మిగిలాయి. జీవితచరిత్ర వ్రాస్తున్న డయాన్ మిడిల్‌బ్రూక్‌కు ఆయన సుమారు మూడు వందల టేపులు వినడానికి ఇచ్చాడు. సాహిత్య వారసత్వ బాధ్యత చూసే కుమార్తె సమ్మతించింది. 1991లో పుస్తకం వచ్చినప్పుడు అమెరికా మనోవైద్యులలో పెద్ద దుమారం లేచింది. బ్రతికి ఉంటే ఆమె తప్పక ఒప్పుకునేదని ఓర్న్ వాదం. తన ఉన్మాదాన్ని తానే పద్యాలలో పెట్టిన మనిషికి ఇంక దాపరికమేమిటని కొందరన్నారు.

ఈ వాదన నాకు మింగుడు పడదు. నలభై ఏండ్లు పద్యాలు చెప్పినవాణ్ణి. పద్యమంటే కవి ఎన్నో చిత్తుప్రతులు చించివేశాక మిగుల్చుకున్నది. ఏది బయట పెట్టాలో ఎంచుకోవడమే కవి పని. తన బాధను నాలుగు పద్యాలలో చెప్పినంత మాత్రాన మిగిలిన మూడు వందల టేపులూ లోకానికి ధారపోసినట్లు కాదు. బ్రతికి ఉంటే ఒప్పుకునేవారు అన్న మాట మనిషి పోయాక ఎవరైనా చెప్పగలరు. ఊహించుకున్న సమ్మతిలో రెండవ మనసు లేదు.

వేలెత్తి చూపేటప్పుడు నా వైపు ఉన్న వేళ్ల సంగతి కూడా చెప్పాలి. 1980 దశకంలో నేను పనిచేసిన ఒక బడిలో ప్రతి పిల్లవానికీ ఒక రికార్డు పుస్తకం ఉండేది. ఒక కుర్రవాడు తరచు ఎగ్గొడుతుంటే సాయంత్రం ఆపి అడిగాను. చాలాసేపటికి నోరు విప్పాడు. తండ్రి తాగివచ్చి తల్లిని కొడుతున్నాడు, పగలు ఆమెను కనిపెట్టుకొని ఉంటున్నాడు. నేను శ్రద్ధగల ఉపాధ్యాయుణ్ణి కదా, ఆ సంగతి రికార్డులో వ్రాశాను. వాడి మేలుకోరే వ్రాశాను. ఆ పుస్తకం బీరువాలో ఉండేది, బీరువాకు తాళం ఉండేది కాదు. వారం తిరగకుండా స్టాఫు గదిలో అందరికీ తెలిసింది, ఆ పైన ఊరికి. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ నాతో మాట్లాడనూ లేదు. ‘వ్రాయనా?’ అని వాణ్ణి అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇక కంప్యూటరు చెవి. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రామును ప్రకటించాడు. అది రోజర్సు ధోరణిలోని చికిత్సకుణ్ణి అనుకరిస్తూ, మనం టైపు చేసిన మాటనే ప్రశ్నగా తిప్పి అడిగేది. దానికి ఏమీ తెలియదు. అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీ, దానితో నాలుగు మాటలు టైపు చేయగానే ఆయనను గదినుండి బయటికి వెళ్లమని కోరింది! 1976లో వ్రాసిన పుస్తకంలో ఈ సంగతి ఆయనే చెప్పాడు. చాలామంది దీనిని జనం అమాయకత్వానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. ఆ పక్కనే ఉన్న మరొక సంగతి ఎక్కువమంది చెప్పరు. యంత్రంతో జరిగిన సంభాషణలన్నీ తరువాత తాను చూసేటట్టు ఏర్పాటు చేద్దామని ఆయన అనగానే, అది మా అంతరంగంమీద గూఢచర్యమని చుట్టూ ఉన్నవాళ్లు విరుచుకుపడ్డారట. నా దృష్టిలో వాళ్లు అమాయకులు కారు. యంత్రానికి చెప్పుకోవడం వేరు, యంత్రం వెనుక ఉన్న మనిషి చదవడం వేరు అని అరవై ఏండ్ల క్రిందటే గ్రహించినవాళ్లు.

వెనుక ఉన్న మనిషి ఎవరైనా కావచ్చు. 1971 సెప్టెంబరులో నిక్సను అధ్యక్ష భవనపు మనుషులు డేనియల్ ఎల్స్‌బర్గ్ రహస్యాల కోసం ఆయన మనోవైద్యుని కార్యాలయంలో దొంగతనంగా చొరబడ్డారు. న్యాయస్థానం కూడా కావచ్చు. మా అమ్మాయి ఉన్న ఇల్లినాయ్‌లోనే ఒక పోలీసు అధికారిణి 1991లో విధినిర్వహణలో ఒకరిని కాల్చి, ఆ తరువాత మానసిక చికిత్స పొందింది. మృతుని కుటుంబం తరపువారు ఆ చికిత్స నోట్సు కోరారు. 1996లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఇవ్వనక్కరలేదని ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది. గుట్టు నిలుస్తుందన్న నమ్మకం లేనిచోట చికిత్సే లేదన్నది దాని తాత్పర్యం. ఆ రహస్సు మాటే కదా! ఆ దేశపు ఆరోగ్య గోప్యతా నియమాలలో కూడా మానసిక చికిత్సకుల సొంత నోట్సుకు మిగిలిన వైద్యపు కాగితాలకంటె ఎక్కువ రక్షణ ఉన్నది. అయితే వాటిని వేరుగా ఉంచితేనే.

వేరుగా, భద్రంగా ఉంచకపోతే ఏమవుతుందో ఫిన్లాండు చూసింది. వస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ కంప్యూటర్లనుండి సుమారు 33,000 మంది రోగుల వివరాలు దొంగలపాలయ్యాయి. 2020 అక్టోబరులో దొంగ మొదట సంస్థను, ఆ పైన రోగులనే ఒక్కొక్కరిని బెదిరించాడు. 200 యూరోలు పంపు, లేకుంటే నువ్వు డాక్టరుకు చెప్పుకున్నదంతా బయట పెడతాను! సంస్థ మరుసటి సంవత్సరం దివాలా తీసింది. నేరస్థునికి 2024లో అక్కడి జిల్లా న్యాయస్థానం ఆరేండ్ల మూడు నెలల శిక్ష వేసింది. అవి యంత్రం విన్న మాటలు కూడా కావు, చికిత్సకులు క్లుప్తంగా వ్రాసుకున్న నోట్సు. మాట మాటా నిలువ ఉన్నచోట అదే జరిగితే?

మా అమ్మాయిని ఈ ప్రశ్నలన్నీ అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. రోజుకు ఆరేడుగురిని చూశాక నోట్సు వ్రాయడానికే రాత్రి అవుతుంది. వ్రాయకపోతే ఇన్సూరెన్సువారు డబ్బు ఇవ్వరు. గదిలోనే కీబోర్డు కొడుతూ కూర్చుంటే ఎదుటి మనిషి ముఖం చూడలేదు. యంత్రం వింటే తాను చూడగలదు. ఇది చిన్న లాభం కాదు, ఫ్రాయిడు కోరినదీ అదే. కాని మాట గదిలో ఆగదు. చాలా సాధనాలలో అది మైకు నుండి ఏదో ఒక కంపెనీ సర్వరుకు పోతుంది. అక్కడ ధ్వని ఎన్నాళ్లు ఉంటుంది, అక్షరాలు ఎన్నాళ్లు ఉంటాయి, వాటితో కొత్త యంత్రాలకు చదువు చెప్పుకుంటారా, ఇవన్నీ ఆ కంపెనీతో వ్రాసుకున్న కాగితాన్నిబట్టి ఉంటాయి. ఆ కాగితాన్ని రోగి ఎన్నడూ చూడడు.

మరొకటి. వినాయకుడు భారతం వ్రాయడానికి కలం ఆపననే షరతు పెడితే, అర్థం చేసుకొనే వ్రాయాలని వ్యాసుడు ఎదురు షరతు పెట్టాడని మనకొక కథ ఉన్నది. ఈ కొత్త లేఖకునికి మొదటి షరతే ఉన్నది. మాటను అక్షరాలుగా మార్చే ‘విస్పర్’ అనే సాధనాన్ని పరీక్షించి 2024లో కొందరు అమెరికా పరిశోధకులు ప్రకటించిన వ్యాసం ప్రకారం, సుమారు నూటికి ఒక ముక్కలో ఎవరూ పలకని మాటలు అది కల్పించి వ్రాసింది. అలా కల్పించిన వాటిలో 38 శాతం హింస వంటి హానికర విషయాలు. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట ఈ బెడద ఎక్కువట. మానసిక చికిత్సలో మౌనమే సగం! ఏడుపు ఆపుకుంటున్న మనిషి మౌనాన్ని యంత్రం తన మాటలతో పూరిస్తే, దానిమీద చికిత్సకురాలు అలసటలో సంతకం చేస్తే, అదే ఆ మనిషి చరిత్ర. పోల్చి చూద్దామంటే, గోప్యత కోసమని ధ్వనిని చెరిపివేసి ఉంటారు. ఉంచితే ఒక భయం, చెరిపితే ఇంకొక భయం.

మాతృభూమి విడిచి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు ఈ ఫారం చూసి సాధారణంగా ఏమంటారని అడిగాను. యంత్రం గురించి ఎవరూ అడగరట. “మీ ఇష్టమమ్మా” అంటారట. మన భాషలో ఈ మాటకు ఉన్న బరువు తెలియనివారికి అది సమ్మతిలాగే వినిపిస్తుంది. అది సమ్మతి కాదు. తన ఇష్టాన్ని ఎదుటివారి చేతిలో పెట్టి చేతులు దులుపుకోవడం. డాక్టరు ముందు, పంతులు ముందు, కచేరీలో మనవాళ్లు తరతరాలుగా అంటున్న మాట. ఫోనుకు పంపే కాగితాలు ఎవరు చూస్తారన్నది మాత్రం కొందరు అడుగుతారట. “మా అబ్బాయికి తెలుస్తుందా?” అని. ఆ ఫోను ఖాతా తెరిచిపెట్టింది అబ్బాయే.

ఇల్లినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో తెచ్చిన చట్టం ఈ విషయంలో తెలివైనదే. చికిత్స సంభాషణను రికార్డు చేసి ఈ సాధనాలను వాడాలంటే, వాడుతున్నామనీ ఎందుకనీ వ్రాతపూర్వకంగా చెప్పి సమ్మతి పొందాలి. సాధారణ షరతుల కాగితంలో ఎక్కడో ఇరికించినది సమ్మతి కాదు. ఇచ్చినదానిని ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో మన పిల్లల పంతుళ్లకు పనికివచ్చే ఒక అంశం ఉన్నది. సమ్మతి కోరే కాగితాన్ని ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకునే వీలు కల్పించాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. అంటే ఇటువంటి తెలుగు కాగితాలు ఇక్కడ కూడా వేలకొద్దీ పుట్టబోతున్నాయి. ఏ తెలుగులో పుడతాయో!

నా దగ్గరికి వచ్చిన కాగితంలో రెండవ పుట అడుగున, చిన్న అక్షరాలతో, ఒక వాక్యం ఉన్నది. ‘మీరు తిరస్కరణ చేసినచో సేవల లభ్యత ప్రభావితం కాబడదు’ అని. దానిని ‘మీరు వద్దన్నా మీ చికిత్స ఆగదు’ అని మార్చి, మొదటి పుటలో మొదటి వాక్యంగా పెట్టాను. దాని క్రిందనే ‘మీ ఇంటివారిలో ఎవరు ఇది చదవగలరో అడిగి తెలుసుకోండి’ అని ఒక పంక్తి చేర్చాను. “మాటలు మార్చవచ్చు మాస్టారూ, వరుస మార్చాలంటే మా ఆఫీసులో లాయర్లు చూడాలి” అన్నది.

మొన్న సవరించిన ప్రతి వచ్చింది. ‘సమ్మతి’ నిలిచింది. నేను చేర్చిన పంక్తి ఉన్నది. ‘వద్దన్నా’ మాత్రం మళ్లీ రెండవ పుట అడుగుకే పోయింది. అక్కడ తెల్లవారే వేళ చూసి ఫోను చేద్దామని, లాయర్లతో ఏమని చెప్పాలో కాగితంమీద వ్రాసుకుంటున్నాను.